ఏడవని తగరం

దనాయి మూద్జా వేసిందంటే క్రియోవ్రిసి ఊళ్లో కుక్కలు కూడా దారి మళ్లేవి. ఐదు వేళ్లూ విప్పి, మణికట్టు వెనక్కి విరిచి, అరచెయ్యి ఎదుటివాడి మొహం మీదికి నెట్టడం. అంతే. నోరు విప్పి తిట్టే పని లేదు. తిట్టవలసినవన్నీ ఆ అరచేతిలోనే ఉంటాయి. ఊళ్లో అందరూ వేస్తారుగానీ దనాయి వేసినట్టు ఎవరూ వెయ్యలేరు. ముప్పై నాలుగేళ్ల మనిషి, చూడ్డానికి మెత్తన. ఆ చెయ్యి లేచిందంటే మాత్రం బల్లపరుపుగా, చపాతీల పీటలా నిలబడేది.

ద్రాక్ష కోతలు అయిపోయిన వారంలో ఒక మధ్యాహ్నం, టూరిస్టు బస్సొకటి చర్చి మలుపులో అడ్డంగా ఇరుక్కుని తల్లీకూతుళ్ల ట్రక్కును కదలనివ్వలేదు. తల్లి పొలిక్సేని హారను కొట్టింది. దనాయి కిటికీలోంచి చెయ్యి బయట పెట్టింది. మోచెయ్యి లేచింది. ముంజేయి లేచింది. మణికట్టు మాత్రం లేవలేదు. అరచెయ్యి తడిసిన తువ్వాలులా కిందికి వేలాడింది. బస్సు డ్రైవరు అదేదో మర్యాద అనుకుని, పళ్లన్నీ కనబడేలా నవ్వి, తనూ చెయ్యి ఊపాడు.

"అమ్మా, వాడు నాకు టాటా చెప్తున్నాడే!" అంది దనాయి.

నవ్వబోయింది. సగం నవ్వులోనే కడుపు పట్టుకుని ముందుకు వంగిపోయింది.

పొలిక్సేనికి నవ్వు రాలేదు. కడుపునొప్పి ఆరు నెలలుగా ఉన్నదే. చెయ్యి పడిపోవడం మాత్రం ఆ వేళే చూసింది.

"ఎన్నాళ్ల నించే ఇది?"

"పోయిన వారం నించి. గరిటె జారిపోతోంది. డాక్టరుగారితో చెప్పాను."

"ఏమన్నాడు?"

"మంచి సూచనేనట."

ఆ డాక్టరు మిల్తియాదిస్ స్కుర్తిస్. రెండేళ్ల కిందట ఏథెన్సు నుంచి వచ్చి, ఊరి చివర పాడుబడ్డ ఎండుద్రాక్ష గోదాము కొని, దానికి సున్నం కొట్టించి, ముందు నాలుగు పాలరాతి స్తంభాలు నిలబెట్టాడు. కొత్త స్తంభాలే. పాతవాటిలా కనిపించాలని మనుషుల్ని పెట్టి మరీ పైభాగం విరగ్గొట్టించాడు. పేరు ప్రాచీన ఆరోగ్య నిలయం. వచ్చినవాళ్లు వారం రోజులుండి బార్లీ జావ తాగేవాళ్లు, తేనె కలిపిన వెనిగరు తాగేవాళ్లు, రాత్రి బండల మీద పడుకుని పొద్దున్నే వచ్చిన కల డాక్టరుకి చెప్పుకునేవాళ్లు. ఇంట్లో మెత్తటి పరుపు మీద నిద్రపట్టని వాళ్లు ఈ బండ మీద చోటు కోసం మూడు నెలల ముందే పేరు రాయించుకునేవాళ్లు. నిజం చెప్పాలంటే కొందరికి నయమయ్యేది కూడా. రోజూ కొండెక్కి దిగి, ఫోను పెట్టెలో పెట్టి తాళం వేసి, పెందలాడే పడుకుంటే ఎవరికి నయం కాదు?

అన్నిటికన్నా గొప్ప మందు ద్రాక్ష పాకం. ద్రాక్షరసాన్ని మూడోవంతు అయ్యేదాకా మరిగించి సీసాల్లో పోస్తారు. పొద్దున రెండు చెంచాలు, సాయంత్రం రెండు. క్రియోవ్రిసిలో ఆ పాకం ప్రతి ఇంట్లోనూ కాస్తారు, దాని కోసం ఏథెన్సు నుంచి ఎవరూ రానక్కర్లేదు. కానీ ఊరివాళ్లది మామూలు పాకం, స్కుర్తిస్‌ది రోగం కుదిర్చే పాకం. నిలయం వంటింట్లో పెద్ద రాగి గంగాళం దగ్గర నిలబడి దాన్ని కలిపేది దనాయి. వంటింటి మనుషులే నడిచే సాక్ష్యంగా ఉండాలని, ఆమె చేత కూడా రోజూ నాలుగు చెంచాలు తాగించేవాడు.

ఆ గంగాళం దగ్గరే పొలిక్సేనికీ ఆయనకీ మొదటిసారి పడలేదు. పొలిక్సేని కళాయి పూసే మనిషి. భర్త తీమియోస్ పోయి తొమ్మిదేళ్లయినా, ఇప్పటికీ వసంతం వస్తే చుట్టుపక్కల ఐదూళ్ల రాగి సామాను ఆమె వాకిట్లోకే వచ్చేది. అరవై ఎనిమిదేళ్ల వయసులో, చెప్పులు విడిచి పెద్ద గంగాళంలో దిగి, కాళ్ల కింద ఇసుక వేసుకుని, గోడ పట్టుకుని నడుం అటూ ఇటూ తిప్పుతూ అడుగు తోమేది. ఆ తర్వాత నిప్పు, నవసాగరం, కరిగిన తగరం. అద్దంలా తేలేది లోపలంతా. నిలయం తెరిచిన కొత్తలో ఆమె స్కుర్తిస్ దగ్గరికి వెళ్లి, మీ గంగాళానికి కళాయి నేను వేస్తాను, అంది.

"కళాయా!" అని ఆయన జాలిగా నవ్వాడు. "అమ్మగారూ, అది తుర్కుల కాలపు అలవాటు. మహా అయితే నాలుగొందల ఏళ్ల పాతది. మాకు రెండువేల ఏళ్ల పాతది కావాలి."

"నాలుగొందల ఏళ్లకి మురిగిపోయిన సరుకు రెండువేల ఏళ్లకి మాగుతుందా బాబూ?"

ఆయన పాత పుస్తకంలో ఉన్నట్టే పూత వేయించాలని గంగాళాన్ని ఏథెన్సు పంపించాడు.

బస్సు అడ్డం పడిన మర్నాడు పొలిక్సేని కూతుర్ని వెంటబెట్టుకుని ఆయన గదికి వెళ్లింది. స్కుర్తిస్ దనాయి ముఖం వంక చూశాడు, కిటికీ వంక చూశాడు, మళ్లీ ముఖం వంక చూశాడు.

"నల్ల పిత్తం," అన్నాడు. "పొంగి చేతిలోకి దిగింది. రెండు చెంచాలు చాలడం లేదు. పూటకి నాలుగు చెయ్యండి."

"కడుపు మెలిపెట్టేస్తోంది డాక్టరుగారూ," అంది దనాయి.

"దోషం బయటికి పోయేటప్పుడు తలుపు కొట్టదా అమ్మా? మంచిదే. నీకు కడుపులో నొప్పి వస్తోందంటే మందు మనిషిని గుర్తుపట్టిందన్నమాట. ఆదివారం సభకి ఏథెన్సు నుంచి పెద్దలొస్తున్నారు. నువ్వే గంగాళం కలపాలి. పాకంతో కోలుకుంటున్న మనిషివని నిన్ను అందరికీ చూపిస్తాను."

"చెయ్యి లేవడం లేదుగా, ఎలా కలుపుతుంది?" అంది పొలిక్సేని.

"ఆదివారానికి ఇంకా నాలుగు రోజులుంది," అన్నాడాయన.

అక్కణ్ణించి తల్లీకూతుళ్లు కొరింథు ఆస్పత్రికి వెళ్లారు. అక్కడ మూడున్నర గంటలు కూర్చున్నాక ఒక కుర్ర డాక్టరు పిలిచాడు. బాగా చదువుకున్న పిల్లాడు. ఎంత చదువుకున్నాడంటే, కంప్యూటరు మీంచి కళ్లు తిప్పడం మరిచిపోయాడు.

"వయసు? సిగరెట్? నిద్ర పడుతుందా?"

"కడుపునొప్పికి నిద్రెక్కడిది?" అంది దనాయి.

"ఒత్తిడి," అని టైపు చేశాడు. "చెయ్యి కిందేసుకుని పడుకుని ఉంటారు. నరం నొక్కుకుపోయింది. విటమిన్లు రాస్తున్నాను. నరాల డాక్టరు దగ్గర డిసెంబరులో ఖాళీ ఉంది."

"బాబూ, అది ఏం తింటుందో, ఏం పని చేస్తుందో అడగవా?" అంది పొలిక్సేని.

"తిండి సంగతి వేరే విభాగం పెద్దమ్మా. మంగళవారాలు."

తిరిగొచ్చేటప్పుడు ట్రక్కు పొలిక్సేనే నడిపింది. ఒకడు రెండువేల ఏళ్ల వెనక నిలబడి పిల్లని చూడలేదు. ఇంకొకడు ఎదురుగా కూర్చుని చూడలేదు. దనాయి ఎడమచేత్తో కుడిచేతిని ఒళ్లో పెట్టుకుని, పక్కింటివాళ్ల పసిపాపని పట్టుకున్నట్టు పట్టుకుంది.

"అమ్మా, ఇది ఇలాగే ఉండిపోతే?"

"ఉండదు."

"నీకెలా తెలుసు?"

పొలిక్సేనికి తెలియదు. అందుకే గేరు మార్చింది.

శుక్రవారం పొద్దున కాఫీ గిన్నె దనాయి చేతిలోంచి జారి పొయ్యి మీద పడింది. దనాయి ఏడవలేదు. కుర్చీలో కూర్చుని పడిపోయిన చేతి వంక చూస్తూ, రెండో చేత్తో కడుపు నొక్కుకుంది. ఆ కూర్చున్న తీరు, ఆ రెండు చేతులు ఉన్న తీరు చూసి పొలిక్సేని గుడ్డతో కాఫీ తుడుస్తున్నది తుడుస్తున్నట్టే ఆగిపోయింది. ఆ కుర్చీలోనే, అలాగే, మామగారు లాంబ్రోస్ కూర్చునేవాడు.

లాంబ్రోస్ కూడా కళాయి పూసినవాడే. కరువు రోజుల్లో మంచి తగరం దొరక్క, పాత బ్యాటరీల సీసం కరిగించి అందులో కలిపాడు. ఆ పొగ మింగాడు, ఆ గిన్నెల్లోనే వండుకుని తిన్నాడు. ముందు కడుపు, తర్వాత చెయ్యి. కొత్త కోడలిగా వచ్చిన పొలిక్సేనికి పని నేర్పుతూ ఆయన చెప్పిన మొదటి మాట ఇప్పుడు చెవిలో మళ్లీ వినబడింది: "పిల్లా, తగరం నీతి గలది. చెవి దగ్గర పెట్టుకుని వంచితే ఏడుస్తుంది. సీసం దొంగముండ. ఎంత వంచినా కిమ్మనదు. ఏడవని తగరాన్ని గుమ్మం తొక్కనివ్వకు."

"నోరు తెరువే," అంది పొలిక్సేని.

"ఏంటమ్మా?"

"తెరువు ముందు."

కిటికీ వెలుగులోకి కూతురి మొహం తిప్పి పెదవి పైకెత్తింది. పళ్ల మొదట్లో, చిగురు అంచునే, పెన్సిలుతో గీసినట్టు నీలం నలుపు గీత. మామగారి నోట్లో చూసిన గీతే.

పొలిక్సేని అలమర తెరిచి, నిలయంవాళ్లు ఇచ్చిన పాకం సీసా తీసి, చిటికెన వేలితో ఒక్క చుక్క నాలిక మీద వేసుకుని వెంటనే ఉమ్మేసింది. తీపి. చాలా తీపి. పోయినేడు కోతల ముందు పదకొండు రోజులు వాన పడి, ద్రాక్ష పుల్లగా తగలబడింది, పిచ్చుకలు కూడా ముట్టలేదు. ఊళ్లో అందరి పాకమూ పులుపే. ఈయనదొక్కటీ ఇంత తీపెలా అయింది? పంచదార వెయ్యలేదని దనాయి ఒట్టు పెట్టి చెప్పింది. సీసం తగిలితే పులుపు తీపవుతుందని మామగారే చెప్పాడు. దొంగది గనక తియ్యగా మాట్లాడుతుందిట.

సీసా తిరగేసి తూములో పోసింది.

"ఇందులో సీసం ఉందే, మీ తాత రోగమే ఇది. ఇకనించి ఒక్క చుక్క ముట్టకు. పద, ఆస్పత్రికి వెళ్దాం."

"మళ్లీ ఆ పిల్లాడి దగ్గరికా? ఏమని చెప్తావ్? చచ్చిపోయిన మా మామగారు చెప్పాడనా? ఈసారి ఒత్తిడి నీకని రాస్తాడు."

అదీ నిజమే. పొలిక్సేని ఆలోచించింది. ఆస్పత్రికి వెళితే డాక్టరు దొరకడు. ఆదివారం మాత్రం డాక్టర్లందరూ ఒక్కచోటే దొరుకుతారు. స్కుర్తిస్ సభలో పెట్టే మధ్యాహ్న భోజనంలో కాల్చిన గొర్రెపిల్ల ఉందని కొరింథు దాకా తెలుసు.

ఆదివారం విరిగిన స్తంభాల మధ్య కుర్చీలు వేశారు. స్తంభం నుంచి స్తంభానికి పెద్ద గుడ్డ కట్టారు: నేటి వైద్యం ప్రాచీనుల నుంచి ఏం నేర్చుకోవాలి? దాని కింద స్కుర్తిస్ తెల్లటి నారబట్టల్లో నిలబడ్డాడు. పక్కన గంగాళం. దాని పక్కన అద్దాల పెట్టెలో, ఎర్ర మఖమల్ మీద, వేలెడు వెడల్పు లోహపు కడ్డీ ఒకటి. పూత వెయ్యగా మిగిలిన ముక్క. రెండో వరసలో ఆ కుర్ర డాక్టరు కూడా ఉన్నాడు, గొర్రెపిల్ల కాలుతున్న వైపు తిరిగి.

"మనం అన్నీ మరిచిపోయాం!" అంటున్నాడు స్కుర్తిస్. "ప్రాచీనులు ప్రతిదానికీ ఒక పాత్ర, ఒక లోహం చెప్పారు. ఉత్త రాగిలో కాస్తే పాకానికి చిలుము రుచి వస్తుందన్నారు. తగరంలో సగానికి సగం వాళ్లు చెప్పిన మెత్తటి లోహం కలిపి ఈ పూత వేయించాను. ఒక్క అక్షరం మార్చలేదు. రుచి చూడండి, ఆ తీపే సాక్ష్యం! ఇదిగో, ఈ దనాయి..."

దనాయి గంగాళం దగ్గర లేదు. మెట్ల మీద తల్లి పక్కన నిలబడి ఉంది. పొలిక్సేని చేతిసంచిలోంచి భర్త తీమియోస్ పెట్టెలోని తగరం కడ్డీ తీసి, గబగబా ముందుకి నడిచింది.

"డాక్టరుగారూ, ఆ పెట్టెలోది ఒకసారి ఇవ్వండి."

"అమ్మగారూ, ఇది సభ."

"అందుకేగా వచ్చాను."

ముందు వరసలో చివర కుర్చీలో చిన్న పిట్టలాంటి ముసలావిడ కూర్చుని ఉంది. పేరు ఎరాస్మియా. ఏథెన్సు విశ్వవిద్యాలయంలో నలభై ఏళ్లు ప్రాచీన గ్రంథాలు చెప్పి, అక్కడ కుర్చీల్లో ఉన్న సగం మందిని ఒకప్పుడు పరీక్షల్లో తప్పించిన మనిషి.

"ఇవ్వవయ్యా," అంది ఆవిడ. "నువ్వు చెప్పేదానికన్నా నయంగానే ఉండేలా ఉంది."

స్కుర్తిస్ నవ్వు చెడకుండా పెట్టె తెరిచాడు. పొలిక్సేని ఆవిడ పక్కకెళ్లి తన కడ్డీ చూపించింది.

"అమ్మా, మీకు చెవులు వినబడతాయా?"

"పుట్టుకతో వచ్చినవి పోయాయి. ఈ మిషను కొత్తది. దోమ తుమ్మినా వినిపిస్తుంది."

పొలిక్సేని తన తగరాన్ని ఆవిడ చెవి దగ్గర వంచింది. కిర్రుమని, ఎండుటాకులు నలిగినట్టు, ఎవరో పళ్లు బిగించి ఏడ్చినట్టు చప్పుడైంది. ఎరాస్మియా ఉలిక్కిపడి నవ్వింది.

"ఏడుస్తోందే!"

"మంచి తగరం అలాగే ఏడుస్తుందమ్మా. ఇప్పుడు ఈయనగారిది వినండి."

స్కుర్తిస్ కడ్డీ మైనంలా వంగింది. ఇంకోసారి వంచింది. అటు తిప్పి వంచింది. చప్పుడు లేదు. అంత మందిలో గొర్రెపిల్ల కొవ్వు నిప్పుల మీద చిటపటలాడటం ఒక్కటే వినిపించింది.

"మూఢనమ్మకం!" అని స్కుర్తిస్ అరిచాడు. "ఇరవై ఒకటో శతాబ్దంలో లోహాలు ఏడవడమేమిటి?"

"బండ మీద పడుకోబెట్టి కలలు అడిగేది మీరా, నేనా?" అంది పొలిక్సేని.

కుర్చీ మీద పడున్న ఆయన కరపత్రమే తీసుకుని, ఆ తళతళలాడే కాగితం వెనక, తెల్లటి చోట కడ్డీతో గీసింది. పెన్సిలుతో గీసినట్టు బూడిదరంగు గీత పడింది. తన తగరంతో దాని పక్కన గీస్తే సరిగ్గా కనబడనే లేదు. కాగితాన్ని తీసుకెళ్లి కుర్ర డాక్టరు ఒళ్లో పెట్టింది.

"గుర్తుపట్టావా బాబూ? బుధవారం, మూడున్నర గంటలు కూర్చోబెట్టావు. ఇక్కడ కంప్యూటరు లేదు కదా, ఇప్పుడైనా మనిషి వంక చూడు. దనాయీ, ఇలా రా. పెదవెత్తు."

కుర్ర డాక్టరు కాగితం మీది గీత చూశాడు. దనాయి చిగురు మీది గీత చూశాడు. వేలాడుతున్న చెయ్యి పట్టుకుని, మొదటిసారి ఆమె కళ్లల్లోకి చూశాడు.

"రోజూ ఈ పాకం తాగుతారా? ఎన్నాళ్లుగా?"

"ఏడాదిగా," అంది దనాయి. "మొన్న రెండు రోజులు రెట్టింపు."

"రెట్టింపు ఎవరు చెప్పారు?"

దనాయి ఎడమచేత్తో చూపించింది.

ఎరాస్మియా కర్ర ఊతంతో లేచి నిలబడింది. "మిల్తియాదిస్, పాకం వండమన్న పేజీ చదివావు, సరే. సీసం గొట్టాల్లో వచ్చే నీళ్లు మంచివి కావని, ఆ పనివాళ్ల పాలిపోయిన మొహాలు చూస్తేనే తెలుస్తుందని అదే పాతవాళ్లు రాశారు. ఆ పేజీ ఎందుకు తిప్పలేదు? పరీక్షలోనూ ఇంతే నువ్వు. వంటల మీద వచ్చిన ప్రశ్నలే రాసేవాడివి."

అందరూ చేతుల్లోని పాకం చెంచాలు కింద పెట్టేశారు. గొర్రెపిల్లని మాత్రం ఎవరూ వదల్లేదు.

సోమవారం రక్తం తీస్తే, అంకె చూసి ప్రయోగశాలవాళ్లు మిషను పాడైందనుకున్నారు. మళ్లీ తీశారు. అదే అంకె. దనాయిని ఏథెన్సులో ఏడు వారాలు ఉంచి, రక్తంలో సీసాన్ని పట్టి బయటికి లాగే మందులిచ్చారు. కడుపునొప్పి రెండో వారానికే తగ్గింది. చెయ్యి సంగతి చెప్పలేమన్నారు. నరం తిరిగి పుంజుకోవచ్చు, పుంజుకోకపోవచ్చు. పొలిక్సేని రోజూ ఆలివ్ నూనె రాసి మణికట్టు పైకి లేపి పట్టుకునేది, వదిలితే పడిపోయేది. మళ్లీ లేపేది.

కుర్ర డాక్టరు రెండుసార్లు చూడటానికి వచ్చాడు. "పెద్దమ్మా, ఏ పరీక్షతో కనిపెట్టారు?" అని అడిగాడు.

"ఒక నాలిక, ఒక చెవి, ఒక కాగితం," అంది. "నీ దగ్గర కూడా ఉన్నాయి."

అతను పుస్తకంలో రాసుకున్నాడు: ఏం తింటారు, దేంట్లో వండుతారు, ఏం పని చేస్తారు. మంచి పిల్లాడే. ఆస్పత్రివాళ్లు కూడా మెచ్చుకుని ఆ ప్రశ్నల్ని కాగితంలో చేర్చారు. నలభై ఏడో ప్రశ్నగా. అంతదాకా ఎవరూ వెళ్లరు.

నిలయానికి తాళం పడింది. పాకం తాగిన అతిథులందరికీ రక్తం పరీక్షలు చేశారు, చాలామందిలో కొద్దో గొప్పో సీసం దొరికింది. స్కుర్తిస్ రక్తం ఒక్కటే మంచులా తేలింది. ఆయన ఆ పాకం ఒక్క చెంచా కూడా తాగలేదట. తీపి పడదట. కేసు నడుస్తోంది. ఆయనా నడుస్తూనే ఉన్నాడు.

క్రిస్మస్ దాటిన వారంలో తల్లీకూతుళ్లు వంటింట్లో పొయ్యి దగ్గర కూర్చుని చెస్ట్‌నట్లు కాలుస్తున్నారు. దనాయి ఎడమచేత్తో ఒలుస్తోంది. టీవీలో పొద్దుటి కార్యక్రమం. నారబట్టల స్థానంలో నల్ల కోటు వేసుకుని స్కుర్తిస్ ప్రత్యక్షమయ్యాడు. కింద పేరు, దాని కింద 'లోహశ్రవణ పరిశోధకులు' అని అక్షరాలు.

"మన ప్రాచీనులు లోహం ఏడుపు వినేవారు," అంటున్నాడు. చేతిలో తగరం కడ్డీ. "ఎన్నో ఏళ్ల నా పరిశోధనలో ఈ మరుగున పడ్డ విద్యను వెలికితీశాను. నేటి వైద్యం దీన్నించి నేర్చుకోవలసింది ఎంతో ఉంది..."

చెవి దగ్గర పెట్టుకుని వంచాడు. కిర్రుమంది. యాంకరమ్మ చప్పట్లు కొట్టింది.

"మామగారు పైనించి వింటే కాళ్ల కింద ఇసుకేసి తోమేవాడు వీణ్ణి," అంది పొలిక్సేని. పక్కకి తిరిగి చూసింది.

దనాయి చెస్ట్‌నట్లు ఒళ్లోంచి కింద పడేసుకుని టీవీ వంక చూస్తోంది. కుడి మోచెయ్యి లేచింది. ముంజేయి లేచింది. అరచెయ్యి ఎప్పటిలా వేలాడింది. చిటికెన వేలు ముందు కదిలింది, తర్వాత దాని పక్కది. మణికట్టు వణుకుతూ, ముసలి గాడిద గుమ్మం ఎక్కినట్టు ఆగి ఆగి పైకి వచ్చింది. ఐదు వేళ్లూ విచ్చుకున్నాయి. బల్లపరుపుగా కాదు, వంకరగా. అయినా విచ్చుకున్నాయి.

"అమ్మా," అంది దనాయి, చెయ్యి దించకుండానే. కళ్లల్లోంచి నీళ్లు కారుతున్నాయి. "అమ్మా, చూస్తున్నావా?"

పొలిక్సేని చూస్తోంది. లేచి వెళ్లి, టీవీని బల్ల మీద కాస్త ముందుకి జరిపింది.

"ఇంకొంచెం పైకే," అంది. "ఇంకా గడ్డం దగ్గరే ఉంది. మొహానికి తగలాలి."